థీమ్ నాన్న

శుక్రవారం రాత్రి పదిన్నరకు మా అల్లుడుగారి గదిలోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే మా ఇంట్లో ఎవరూ కంగారుపడరు. లామినేషన్ మిషను వేడెక్కిందని అర్థం. ఆ వారం థీమేమిటో పొద్దున గోడలే చెబుతాయి. మే నెలలో ఒక శనివారం లేచి చూద్దును కదా, హాలు నిండా పసుపూ నలుపూ చారలు. నిద్రమత్తులో ఆటోస్టాండులో పడుకున్నానేమో అనుకున్నాను. ఫ్రిజ్ మీద తేనెటీగ, టీవీ కింద తేనెటీగ, దేవుడి గది గుమ్మానికి మావిడాకుల పక్కన ఆరు మూలల అట్టముక్కల తోరణం. గడ్డం గీసుకుందామని వెళ్తే అద్దం మీద కూడా ఒక ఈగ రెక్కలు చాపుకుని నవ్వుతోంది. సరిగ్గా నా ముక్కు పడేచోట.

"ఈ వారం హనీ థీమండీ మామయ్యగారూ," అన్నారు అల్లుడుగారు, వేళ్లకంటిన జిగురును గోటితో గీక్కుంటూ. "మే 20 ప్రపంచ తేనెటీగల దినం కదండీ. ఆ రోజు నాకు ఆఫీసు. అందుకని ముందే కానిచ్చేద్దామని."

సంక్రాంతిని కూడా ఇలాగే ముందుకు జరుపుతారు ఈయన.

ఇలాంటి నాన్నల జాతి ఈమధ్య బాగా పెరిగింది. మా మియాపూర్ అపార్టుమెంటులోనే నలుగురున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పిల్లాడు కాళ్లకు చుట్టుకున్నా ముందు మైకు ఆపామా లేదా అని చూసుకునే మనుషులు. శనివారం తెల్లారేసరికి వీళ్లలో ఓ అంగన్‌వాడీ టీచరమ్మ నిద్ర లేస్తుంది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట జిగురు కడ్డీ ఉంటుంది. ప్యాంటు దులిపితే చిల్లరకు బదులు బొమ్మలకు అంటించే ప్లాస్టిక్ కళ్లు రాలతాయి. కోడిగుడ్ల అట్ట, కొరియర్ డబ్బా, ఐస్‌క్రీమ్ పుల్ల ఏదీ అవతల పారెయ్యనివ్వరు. వీళ్ల భాషలో ఆట అన్న మాట లేదు, యాక్టివిటీ ఉంది. పిల్లాడు ఆవాలు ఒలకబోస్తే అది సెన్సరీ. ఏరితే ఫైన్ మోటార్. ఏరనని ఏడిస్తే ఎమోషనల్. మా మనవడికి నాలుగేళ్లు. వాడు ఊరికే ఏడ్చి ఏడాది దాటింది.

థీమ్ నాన్న అని పేరు పెట్టింది మా అమ్మాయి. ప్రేమగానే పెట్టింది. దోసకాయ వారం, బస్సు వారం అయ్యాక చుక్క వాన పడని ఏప్రిల్లో వాన వారం కూడా జరిగింది. అప్పుడు బాల్కనీలో జల్లెడతో వాన కురిపిస్తే కింది ఫ్లోరువాళ్లు ఆరేసిన వడియాలు తడిశాయి. ఆ సంగతి మళ్లీ ఎప్పుడైనా.

ఈయనలో నాకు నచ్చేది చిత్తశుద్ధి. తేనెటీగ ఒంటికి అట్టగొట్టం కావాలని ఎక్కడో చూశారు, టాయిలెట్ పేపరు చుట్ట మధ్యలో ఉంటుందే, అది. మనది చెంబూ నీళ్ల సంప్రదాయం. మా ఇంట్లో ఆ గొట్టం ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్నెండు చుట్టలు తెప్పించారు, గొట్టాల కోసం. రాత్రి కూర్చుని పేపరంతా విప్పి, గొట్టాలు తీసుకుని, విప్పినదాన్ని మూటకట్టి బీరువా మీద పెట్టారు. దాన్ని చూసినప్పుడల్లా ఎవరో పెద్దాయన పంచెల చాపు విప్పి మర్చిపోయి వెళ్లినట్టుందంటుంది మా ఆవిడ.

ఇక తేనె థీమ్ అనగానే నన్ను సంప్రదిస్తారనుకున్నాను. అది నా దురాశ కాదు. 1956 నాటి సంస్థ గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటారు మా విశాఖ వైపు. పాడేరు చుట్టుపక్కల దాని డిపోల్లో, గోడౌన్లలో నా ఉద్యోగమంతా గడిచింది. అడవిలోంచి వచ్చిన చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు, తేనె కాటా వేయించి పుస్తకంలో రాసుకోవడం నా పని. తేనె దిగే రోజుల్లో చొక్కా చేతులు, పుస్తకం పేజీలు, ఆఖరికి జీతం నోట్లు కూడా ఒకదానికొకటి అతుక్కునేవి. అంతెందుకు, ఈ అల్లుడుగారికి మొదట తేనె పెట్టిందే నేను. పెళ్లిలో పెరుగూ నెయ్యీ తేనే కలిపి మధుపర్కం చేతికిచ్చానే, అది ఎనిమిదేళ్ల తర్వాత లామినేట్ అయి గోడలకెక్కుతుందని ఏ మామగారు ఊహిస్తాడు?

పిలవని పేరంటానికి నేనే వెళ్లాను. "బాబూ, ముందు పిల్లాడికి అసలు తేనెను గుర్తుపట్టడం నేర్పండి. గ్లాసుడు నీళ్లలో చుక్క వేస్తే కరక్కుండా తిన్నగా అడుక్కి పోయిందంటే..."

"చిక్కగా కాచిన పంచదార పాకం కూడా అలాగే పోతుందండీ మామయ్యగారూ. దాన్నిబట్టి చెప్పలేం," అన్నారు, ఎంతో మర్యాదగా.

ముప్ఫై ఏళ్ల అనుభవం కరక్కుండా తిన్నగా అడుక్కి పోయింది.

ఆయన ముందు ఓడిపోవడం నాకు కొత్తకాదు. మనవరాలి బారసాలనాడు మా ఆవిడ బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి పసిదాని నాలుకకు రాయబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టారు. పీటల మీద, పురోహితుడి ఎదుట, అత్తగారి చేతికి! తేనెలో ఒకరకం సూక్ష్మజీవి విత్తనాలు ఉండొచ్చట. మనబోటి ముదురు పొట్టల్ని అవి ఏమీ చెయ్యలేవు. పసిపేగుల్లో మాత్రం మొలకెత్తి విషం కక్కుతాయి. అరుదే కానీ వస్తే ప్రాణాల మీదికి వస్తుంది, అందుకని ఏడాది నిండేదాకా చుక్క కూడా తగలకూడదన్నారు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. నేను గదిలోకి వెళ్లి తెలిసిన పిల్లల డాక్టరుకు ఫోను చేశాను, అల్లుడి తప్పు బయటపెడదామనే. ఆయన అంతా విని, "మీ అల్లుడిగారిని ఓసారి ఇటు పంపండి. మా దగ్గర వెయిటింగ్ హాల్లో నిలబెడతాను, అందరికీ ఇదే చెబుతారు," అన్నాడు. బయటికొచ్చి డాక్టరు దొరకలేదని చెప్పాను.

ఆ పసిదానికి ఇప్పుడు ఎనిమిది నెలలు. తేనె వారంలో దాని ఉయ్యాల పడగ్గదిలోకి మారింది. తలుపు మీద లామినేట్ చేసిన బోర్డు: 'తేనె చేతులకు ప్రవేశం లేదు'. నాలుగేళ్లవాడికి చదవడం రాదు కనుక అది మా గురించే.

శనివారం తొమ్మిదింటికి తరగతి మొదలైంది. మొదటి అంశం ఈగ ఒళ్లు. గొట్టానికి పసుపు రంగు, నల్ల చారలు, రెక్కలు నాలుగు, కాళ్లు ఆరు. కళ్లు అయిదు. అయిదా అని నేనూ నోరు తెరిచాను. రెండు పెద్దవి పక్కల, మూడు చిన్నవి నెత్తి మీద. తేనె పట్టుల్ని క్వింటాళ్ల లెక్కన తూచినవాణ్ణి, దాని కళ్లెప్పుడూ లెక్కపెట్టలేదు. మావాడు మూడో కన్ను అంటించేటప్పుడు "శివుడు" అన్నాడు. నాలుగూ అయిదూ అంటించేటప్పుడు ఏమనాలో తెలియక తండ్రి మొహం చూశాడు. తండ్రి పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

తర్వాత సంసారం పాఠం. పట్టులో పనిచేసే కూలి ఈగలన్నీ ఆడవేనని, తుడవడం, కట్టడం, కాపలా, పిల్లల్ని సాకడం, తేనె తేవడం అన్నీ అవేనని చెప్పారు అల్లుడుగారు. మగ ఈగలకు కుట్టడం కూడా రాదు. కష్టపడి తెచ్చినది తాగుతూ కూర్చుంటాయి.

"తాత మగ ఈగ," అన్నాడు మావాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "తర్వాత వాటినేం చేస్తారట?" అని అడిగింది మా ఆవిడ.

"తిండి కరువైన కాలం వస్తే ఆడ ఈగలు పట్టులోంచి గెంటేస్తాయండీ అత్తయ్యగారూ."

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది, ఇంకాస్త హుషారుగా.

అసలు గొడవ బెండకాయ దగ్గర వచ్చింది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దితే తేనెగదులు వస్తాయని ప్లాను. వాడు అద్దాడు. అందంగానే వచ్చింది. తర్వాత వేలు పెట్టి మూలలు లెక్కపెట్టాడు, పొద్దుటినుంచీ అదే కదా శిక్షణ. "నాన్నా, అయిదే."

అల్లుడుగారు కూడా లెక్కపెట్టారు. అయిదే. తేనెగదికి ఆరు గోడలుండాలి. తక్కువ మైనంతో ఎక్కువ చోటు కలిసిరావాలంటే ఆరు మూలలే మేలని పూర్వం నుంచీ అనుకుంటున్నా, లెక్కలవాళ్లు దాన్ని నిరూపించడం 1999లో గానీ కుదరలేదట. థామస్ హేల్స్ అనే ఆయన నిరూపించాడు. అంత శ్రమపడి తేల్చిన సంగతిని మా ఇంటి బెండకాయ కాదంటే ఎలా? ఇంకోటి కోశారు. అయిదు. ఇంకోటి. అయిదు. రెండువందల గ్రాములయ్యేసరికి మా ఆవిడ బయటికొచ్చి, "ఏం వెతుకుతున్నారు బాబూ, పురుగులా?" అని అడిగింది. సంగతి విని కొంగు దోపి కూరగాయల సంచి బోర్లించింది. నలభై ఏళ్లుగా బెండకాయల తోకలు విరిచి చూసి కొంటున్న మనిషి, పలకలు చూడ్డం ఇదే మొదలు. అత్తా అల్లుడూ ఎదురెదురుగా నేల మీద చతికిలబడి ఒక్కో కాయా తిప్పి తిప్పి చూశారు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు ఒకేచోట కూర్చోవడం నేను చూడలేదు. చివరికి సంచి అడుగున ఆరు పలకలది ఒకటి దొరికింది. బాగా ముదిరిపోయింది. కూరకు పనికిరాదు గానీ చదువుకు పనికొచ్చింది. ఆ మధ్యాహ్నం వేపుడు మిగతావాటితో.

నాలుగింటికి పందెం. స్టీలు పళ్లెం ఒక పక్కకు ఎత్తిపెట్టి, పై అంచున మూడు చోట్ల మూడు చెంచాలు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో నూనె, ఒకదాంట్లో తేనె. తేనె అంటే నా తేనె. పాడేరు నుంచి పాత మిత్రుడొకడు పంపితే బీరువాలో బట్టల వెనక దాచుకున్న సీసా. "ఇదే బాగా చిక్కగా ఉందండీ" అని మెచ్చుకుంటూ తీశారు, ఏమనగలను? మావాడు తేనెకు పందెం కాశాడు. మూడూ ఒక్కసారి ఒంపారు. నీళ్లు అనుకునేలోపే కిందికొచ్చేశాయి. నూనె కాస్త బద్ధకంగా వచ్చింది. తేనె కదల్లేదు.

కదల్లేదంటే కదిలింది. చెంచా కింద ముందు ఓ ముద్దలా ఉబ్బింది. దాని అంచు గుండ్రంగా, లోపల కిటికీ వెలుతురు ఇరుక్కుని, బెల్లం రంగు నుంచి అంచులో పసుపుగా పలచబడింది. తర్వాత ఒక నాలుక సాగింది, వెంట్రుకవాసి చొప్పున. వాడు బోర్లా పడుకుని గడ్డం నేలకానించి చూస్తున్నాడు. ఎప్పుడూ కుర్చీలెక్కి టీవీలెక్కి దూకేవాడు నిమిషంపైన గప్‌చుప్‌గా ఉన్నాడు. అల్లుడుగారు ఫోనులో టైము చూస్తున్నవారు చూడ్డం మానేసి తనూ బోర్లా పడుకున్నారు. నేను మోకాళ్ల నొప్పివల్ల పక్కకు ఒరిగి చూశాను. ముప్ఫై ఏళ్లు డబ్బాల కొద్దీ తేనె నా చేతుల మీదుగా వెళ్లింది. బరువు చూశాను, ధర చూశాను, ఎలా పారుతుందో చూడలేదు. అప్పట్లో మా అమ్మాయికీ నాలుగేళ్లు. నేను ఇల్లు చేరేసరికి నిద్రపోతూ ఉండేది.

పళ్లెం అంచు దాటి కొంత నేల మీద పడింది. "ఒక ఈగ జీవితమంతా తిరిగి చేసేది చిన్న చెంచాలో పన్నెండో వంతు," అన్నారు అల్లుడుగారు, పాఠం గుర్తొచ్చి.

వాడు లేచి కూర్చున్నాడు. "అయితే కింద పడింది ఎన్ని ఈగలు?"

"ఓ పన్నెండు."

వాడి పెదవి వణికింది. వెంటనే వంగి నేలను నాకేశాడు, ఒక్క ఈగ కష్టమూ పోకుండా. అల్లుడుగారు దీన్ని ఏ స్కిల్ కింద రాసుకోవాలో తేల్చుకోలేకపోయారు.

సాయంత్రం రుచుల పరీక్షకు ఫ్లోరులోని పిల్లలందరినీ పిలిచారు. ఆరుగురు. గిన్నెలు నాలుగు: పొద్దుతిరుగుడు తేనె, ముజఫర్‌పూర్ లిచీ తేనె, కూర్గు తేనె, నా కొండతేనె. ఒక్కొక్కరికీ చార్టు: రంగు, వాసన, చిక్కదనం, రుచి. నవ్వుమొహం, ఏడుపుమొహం, మధ్యస్థం మొహం. అల్లుడుగారు ప్రింటౌట్లు మరిచిపోయి లోపలికి వెళుతూ, "రెండు నిమిషాలు చూస్తూండండి మామయ్యగారూ," అని నన్ను కాపలా పెట్టారు. సుందరకాండలో మధువనానికి కాపలా ఉన్న దధిముఖుడి గురించి చదివినప్పుడల్లా అంత అసమర్థుడు ఎలా అయ్యాడా అనుకునేవాణ్ణి. ఇకమీదట అనుకోను. నేను "ఒరేయ్" అనేలోపు ఏ గిన్నెలో ఏ చెయ్యి ఉందో తెలియలేదు. ఒకడు గిన్నెనే టోపీ పెట్టుకున్నాడు. ఒక పాప జడ తీసి ముంచి చప్పరిస్తోంది. ఆపబోయిన నా పంచెకు ఇద్దరు అతుక్కున్నారు. చేతులు తుడవడానికి మా అమ్మాయి బీరువా మీది మూట దించింది, ఇన్నాళ్లకు దానికో ప్రయోజనం కదా అని. తేనె చేతులకు ఆ పేపరు తగిలితే ఏమవుతుందో ఏ చార్టులోనూ రాయలేదు. అయిదు నిమిషాల్లో ఆరుగురూ ఈకలు మొలిచిన కోడిపిల్లల్లా తయారయ్యారు. చివరకు తడిగుడ్డే దిక్కయింది. చెంబూ నీళ్లు ఊరికే పుట్టలేదు.

ప్రింటౌట్లతో వచ్చిన అల్లుడుగారు గుమ్మంలో నిలబడి చూశారు. వనం పాడైందని విని సుగ్రీవుడు కోప్పడకుండా సంతోషించాడంటారు. ఈయన "ఎవరికి ఏది నచ్చింది?" అని అడిగారు. అందరూ "అన్నీ" అన్నారు. కూర్చుని ఇరవై నాలుగు నవ్వుమొహాలకు ఓపిగ్గా టిక్కులు పెట్టారు.

ఆదివారం నాట్యం. పువ్వులెక్కడున్నాయో తేనెటీగ పట్టులో డాన్సు చేసి తోటి ఈగలకు చెబుతుంది. ఆ భాషను చదివింది కార్ల్ ఫాన్ ఫ్రిష్. 1973లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. నిలువుగా వేలాడే పట్టు మీద నిట్టనిలువుగా పైకి ఊగుతూ వెళ్తే సూర్యుడివైపు పొమ్మని. పక్కకు వాలితే సూర్యుడికి అంత పక్కగా. ఎంతసేపు నడుం ఊపితే అంత దూరం. మా హాలు నిలువుగా లేదు కాబట్టి అల్లుడుగారు సర్దుబాటు చేశారు. "టీవీయే సూర్యుడనుకో నాన్నా. టీవీ ఎటుంటే అటు సూర్యుడు." వాడికి ఆ మాట చెప్పనక్కర్లేదు. వాడి ప్రపంచంలో ఎప్పుడూ అంతే. ఈయన బాల్కనీలో సున్నుండ దాచొచ్చి, నడుం ఊపుతూ ఎనిమిది అంకె చుట్టారు. తొంభై కిలోల మనిషి. పేపరు బిల్లుకొచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, రేపొస్తానన్నాడు. మావాడు మొదటిసారే సున్నుండ పట్టేశాడు. అందులో నాట్యం వాటా ఎంతో, నేతి వాసన వాటా ఎంతో చెప్పలేను.

పదకొండింటికి అల్లుడుగారికి ఆఫీసు ఫోను ఉందట. ఆదివారమైనా తప్పనిదట. పదీ యాభైకి చూస్తే ఫోను లేదు. సోఫా కింద, పరుపు కింద, ఉయ్యాలలో లేదు.

"నాన్నా, ఫోన్ చూశావా?"

వాడు తలూపాడు.

"ఎక్కడుంది?"

వాడు హాలు మధ్యకు వెళ్లి నిలబడి, నడుం ఊపడం మొదలెట్టాడు.

"డాన్సు తర్వాత. నోటితో చెప్పు."

వాడు ఆగి, జాలిగా చూశాడు. "ఈగలు మాట్లాడవు నాన్నా. నువ్వే చెప్పావు." మళ్లీ మొదలుపెట్టాడు. ఊగుతూ కొంత దూరం, గుండ్రంగా తిరిగి వెనక్కి, మళ్లీ ఊగుతూ, ఇటు తిరిగి వెనక్కి. చక్కగా ఎనిమిది అంకె. అన్నిసార్లూ ఒకే దిక్కు.

అల్లుడుగారు వాడి వెనక వంగుని నడిచారు. చేత్తో కోణం కొలిచారు. దిక్సూచి ఫోనులో ఉంది, ఫోను ఎక్కడుందో తెలియదు. సూర్యుడు ఎటున్నాడో చూద్దామని బాల్కనీలోకి పరుగెత్తారు. మే నెలలో హైదరాబాదులో పదకొండు గంటలకు సూర్యుడు ఎటుంటాడు? దాదాపు నడినెత్తిన. నాలుగు దిక్కుల్లో ఏ దిక్కని చెప్పాలి? ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ గిరగిరా తిరిగి లోపలికొచ్చారు. వాడు ఓపిగ్గా ఇంకో చుట్టు చుట్టాడు.

నేను పడక్కుర్చీలోంచి అంతా చూస్తున్నాను. టీవీ సూర్యుడైతే, వాడు ఊగేది టీవీకి ఎడమగా. ఎడమన వంటిల్లు. ఊపింది కొద్దిసేపే, అంటే దగ్గరే. గుమ్మం పక్కన బియ్యం డబ్బా. అద్దాలు సర్దుకుని చూస్తే మూత అంచున చిన్న బొటనవేలి ముద్ర మెరుస్తోంది, నా కొండతేనె రంగులో.

చెబుదామని లేవబోయాను. అప్పటికి అల్లుడుగారు నేలమీద కూర్చుని, "సరే, నేనే ఈగనవుతా. మళ్లీ మొదట్నించి చెప్పు, మెల్లగా," అంటున్నారు. పదకొండూ అయిదైంది. ఆయన గడియారం వైపు చూడ్డంలేదు. వాడు తండ్రి నడుం రెండు చేతులా పట్టుకుని, ఎలా ఊపాలో, ఎంతసేపు ఊపాలో నేర్పిస్తున్నాడు. నేను మళ్లీ కూర్చున్నాను.

వంటింట్లో బియ్యం డబ్బా ఝుమ్మంది. ఓసారి ఆగి, మళ్లీ ఝుమ్మంది. మా ఆవిడ గిద్ద పట్టుకుని డబ్బా ముందు నిలబడి నావైపు చూసింది. నేను పెదవి మీద వేలు పెట్టాను.

"మీకేం, ఎన్నైనా చెబుతారు," అంది గుసగుసగా. "పదకొండున్నర కావస్తోంది. ఎసరు మరిగిపోతోంది. ఈ ఇంట్లో ఇవాళ అన్నం ఉందా లేదా?"